కుడివైపు ఊళ్లకే ఉప్పెన ముప్పు: తుపాను హెచ్చరికను చదవడం ఎలా?

క్లుప్తంగా: తుపాను వస్తోందంటే అందరి చూపూ దాని బలం మీద, అది తీరం దాటే ఊరి మీదే ఉంటుంది. ప్రాణాలు తీసేది మాత్రం ఎక్కువగా నీరు. ఉప్పెన నీరు తీరం దాటే చోటుకు కుడిపక్కన లేస్తుంది. వాన నీరు తుపాను 'బలహీనపడింది' అని చెప్పాక కూడా ముంచుతుంది. కాబట్టి బులెటిన్‌లో ముందు వెతకాల్సింది మన ఊరు తుపాను దారికి ఏ పక్కన పడుతుంది, గాలి ఎన్నింటికి మొదలవుతుంది అనే రెండు సంగతులను.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తాలో టీవీ పెడితే వినిపించే మాటలు కొన్నే. 'కాకినాడకు ఆగ్నేయంగా 420 కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమైంది', 'తీవ్ర తుపానుగా బలపడే అవకాశం', 'ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక'. ఈ మూడింటిలో తప్పు ఒక్కటీ లేదు. కానీ లోతట్టులో ఇల్లున్న మనిషి వీటిని విని ఈ రాత్రి ఇంట్లో ఉండాలా, పునరావాస కేంద్రానికి వెళ్లాలా అన్నది తేల్చుకోలేడు. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం కూడా బులెటిన్‌లోనే ఉంటుంది. దాన్ని బయటికి తీయడానికి కాస్త లెక్క చేసుకోవాలి.

చీరాల దగ్గర తీరం దాటింది, దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది

1977 నవంబరు 19న వచ్చిన తుపానును అందరూ దివిసీమ ఉప్పెన అనే పిలుస్తారు. నిజానికి తుపాను కేంద్రం తీరం దాటింది దివిసీమలో కాదు, చీరాల దగ్గర. నాగాయలంక, అవనిగడ్డ అక్కడికి తూర్పున సుమారు 60 కి.మీ. దూరంలో ఉన్నాయి. ఆ దూరమే వాటి పాలిట శాపమైంది. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు పొలాల మీదుగా కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే చనిపోయినవారు 10 వేలకు దగ్గరగా ఉన్నారు.

దీనికి కారణం గాలి తిరిగే తీరులో ఉంది. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను కదిలే దిక్కుకు ముఖం పెట్టి నిలబడ్డామనుకుంటే, కుడిచేతి వైపు గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. తుపాను ముందుకు కదిలే వేగం కూడా అటువైపు గాలికి తోడవుతుంది. ఎడమచేతి వైపు గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి అక్కడ నీరు వెనక్కి తగ్గడం కూడా మామూలే. బంగాళాఖాతంలో పుట్టి వాయవ్యంగా మన తీరానికి వచ్చే తుపానుకు కుడి అంటే తీరం దాటే చోటుకు ఉత్తర, ఈశాన్యపు ఊళ్లు. ఎడమ అంటే దక్షిణాన ఉన్న ఊళ్లు.

ఒకే ఊరికి ఈ రెండు అనుభవాలూ రెండేళ్ల తేడాలో ఎదురైన ఉదాహరణ అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంది. 2022 సెప్టెంబరు 28న ఇయన్ హరికేన్ టాంపా నగరానికి దక్షిణాన తీరం దాటింది. టాంపా దాని దారికి ఎడమన పడింది, నగరం పక్కనున్న అఖాతంలో నీరు వెనక్కిపోయి అడుగు బయటపడింది. 2024 సెప్టెంబరు 26న హెలీన్ హరికేన్ టాంపాకు పడమరగా, సముద్రం మీదుగానే ఉత్తరానికి వెళ్లి ఎక్కడో దూరాన తీరం దాటింది. ఈసారి టాంపా కుడివైపు పడింది. తుపాను కేంద్రం ఆ ఊరి దరిదాపులకు రాకపోయినా అఖాతం పొంగి ఇళ్లలోకి వచ్చింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ తేడా ఇప్పుడు బాగా తెలుసు.

అదే గాలికి ఒకచోట మీటరు, మరోచోట ఐదు మీటర్లు ఎందుకు?

ఉప్పెన ఎత్తు గాలి ఒక్కదాని మీదే ఆధారపడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు సుమారు 180 కి.మీ. గాలులతో నేరుగా విశాఖపట్నం మీదికి వచ్చింది. అయినా అక్కడ నమోదైన ఉప్పెన 1.4 మీటర్లే. విశాఖ దగ్గర సముద్రం అడుగు ఒడ్డు నుంచే త్వరగా లోతుకు దిగిపోతుంది, తోసుకొచ్చిన నీటికి అడుగు నుంచి వెనక్కి మళ్లడానికి చోటుంటుంది. నిజాంపట్నం అఖాతం, కృష్ణ సముద్రంలో కలిసే చోటు అలాంటివి కావు. అక్కడ అడుగు చాలా దూరం వరకూ లోతు లేకుండా మెల్లగా వాలుతుంది, తీరం కూడా లోపలికి వంపు తిరిగి ఉంటుంది. వెనక్కి పోయే దారి లేక నీరు పైకి లేస్తుంది.

తుపాను కేంద్రంలో వాయుపీడనం తగ్గడం వల్ల కూడా సముద్ర మట్టం పెరుగుతుంది. ఒక మిల్లీబారు తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు. మామూలుగా 1010 ఉండే పీడనం 950కి పడిపోతే 60 సెంటీమీటర్లు. ఇది చిన్న వాటా, పెద్ద వాటా గాలిదే.

బులెటిన్‌లో అందరూ దాటేసే మాట ఇంకొకటి ఉంది. 'సాధారణ ఆటుపోట్ల మట్టం కంటే ఒక మీటరు ఎత్తున ఉప్పెన' అని రాస్తారు. అంటే ఆ మీటరు, ఆ సమయానికి ఉన్న పోటు మీద అదనం. మన తీరంలో పౌర్ణమి, అమావాస్యలకు ఆటుకూ పోటుకూ మధ్య తేడా దాదాపు మీటరున్నర దాకా వెళుతుంది. అదే తుపాను ఆటు వేళ తీరం దాటితే నీరు ఒడ్డున ఆగిపోవచ్చు, పోటు వేళ దాటితే గట్టు దాటి ఊళ్లోకి రావచ్చు. కాబట్టి తీరం దాటే గంట చూసినప్పుడే ఆ రోజు పోటు వేళ కూడా చూసుకోవాలి. చేపల వేటకు వెళ్లేవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పెన ఏ మండలంలో ఎంత లేవొచ్చన్న అంచనాను తయారుచేసే సంస్థ, ఇన్‌కాయిస్, సముద్రం లేని హైదరాబాద్‌లోనే ఉంది.

బులెటిన్‌ను పటం మీద వేసుకోవడం

వాతావరణ శాఖ తుపాను స్థానాన్ని మూడు గంటలకోసారి నిర్ధారిస్తుంది. మన గడియారం ప్రకారం 5.30, 8.30, 11.30, 2.30 అలా. 'ఉదయం 8.30కి కేంద్రీకృతమై ఉంది' అన్న వార్త మన చెవిన పడేసరికి పది దాటుతుంది. ఆ లోపు తుపాను పాతిక ముప్పై కిలోమీటర్లు కదిలి ఉంటుంది. ఉపగ్రహ చిత్రాల మీద ఉండే సమయం చాలాసార్లు గ్రీనిచ్ కాలమానంలో ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. ఇది మరిచిపోయి వాట్సాప్‌లో పాత చిత్రాన్ని 'ఇప్పుడే' అని పంపేవాళ్లకు కొదవ లేదు.

స్థానాన్ని అక్షాంశ, రేఖాంశాల్లో ఇస్తారు. ఒక డిగ్రీ అక్షాంశం 111 కి.మీ., మన తీరం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 107 కి.మీ. ఈ రెండు అంకెలు చాలు. ఊహించిన తుపాను ఒకటి తీసుకుని లెక్క చూద్దాం. ఉదయం 8.30కి 13.2 ఉత్తరం, 84.6 తూర్పు. మధ్యాహ్నం 2.30కి 13.9 ఉత్తరం, 83.9 తూర్పు. ఆరు గంటల్లో ఉత్తరానికి 78, పడమరకు 75 కి.మీ. జరిగింది. ఏటవాలు దూరం సుమారు 108 కి.మీ., అంటే గంటకు 18. దిక్కు వాయవ్యం. ఇదే గీతను పొడిగిస్తే 16.3 ఉత్తరం, 81.5 తూర్పు దగ్గర, అంటే నరసాపురం ప్రాంతంలో తీరాన్ని తాకుతుంది. మిగిలిన దూరం 370 కి.మీ., పట్టే సమయం ఇరవై గంటలకు పైమాట. మర్నాడు ఉదయం 11 గంటల ప్రాంతం అన్నమాట.

చాలామంది ఈ 11 దగ్గరే ఆగిపోతారు. తుపాను అంటే పటం మీద చుక్క కాదు. హోరుగాలులు కేంద్రం చుట్టూ 100 కి.మీ. మేర ఉన్నాయనుకుంటే అవి తీరానికి చేరేది తెల్లవారుజామున 5.30కే. ఆ గాలిలో ఆటో నడవదు, రేకులు ఎగురుతుంటాయి, చెట్లు పడి దారులు మూసుకుపోతాయి. అంటే ఇల్లు కదలడానికి అసలు గడువు ఈ రోజు చీకటి పడేలోపు. బులెటిన్‌లో 'తీరం దాటే సమయం' కంటే 'ఈదురుగాలులు ఎప్పటినుంచి' అన్న వాక్యమే ఊరికి పనికొచ్చేది.

ఇక గీత గీతలాగే నడుస్తుందని నమ్మడానికి లేదు. 24 గంటల ముందు ఇచ్చే స్థానం అంచనాలో సగటు తేడా 70, 80 కి.మీ. ఉంటుంది. కాకినాడకూ నరసాపురానికీ మధ్య గాలిదూరం కూడా దాదాపు అంతే. పటాల్లో కనిపించే గరాటు ఆకారం ఈ తేడాను చూపడానికే. పాత అంచనాలు ఎంత తప్పాయో లెక్కగట్టి దాని వెడల్పు వేస్తారు. గరాటు అంచు దగ్గరున్న ఊరు కుడివైపూ పడొచ్చు, ఎడమవైపూ పడొచ్చు. గరాటు వెడల్పు తుపాను సైజు కాదు. గరాటు బయట ఉన్నాం కాబట్టి వాన రాదు, గాలి రాదు అనుకోవడం అన్నిటికంటే ఎక్కువమంది చేసే పొరపాటు. 2022 మేలో అసాని తీరానికి దూరంగా మలుపు తిరిగి సముద్రంలోనే ఉండిపోతుందని మొదట అనుకున్నారు, చివరికి బలహీనపడుతూ మచిలీపట్నం, నరసాపురం దగ్గరికి వచ్చి వాలింది.

ఫోన్‌లో రంగురంగుల గాలి పటాలు చూపే యాప్‌లు కొన్ని ఒక కంప్యూటర్ నమూనా లెక్కను నేరుగా బొమ్మ గీసి చూపిస్తాయి. ఐదు రోజుల తరవాతి బొమ్మ ఉదయం ఒకలా, సాయంత్రం మరోలా మారడానికి కారణం అదే. వాతావరణ శాఖ వాళ్లు ఇలాంటి నమూనాలు అనేకం పక్కపక్కన పెట్టి, రాడార్, ఉపగ్రహం చూసి ఒక దారి తేలుస్తారు. చివరి 24 గంటల్లో మచిలీపట్నం, విశాఖ, శ్రీహరికోట రాడార్ల చిత్రాలు ఏ యాప్ కంటే నమ్మదగినవి.

కరెంటు పోయాక మిగిలే పరికరం గాలే

హుద్‌హుద్ రోజు విశాఖలో ఫోన్లు, కరెంటు పోయాయి. తుపాను మీద పడే వేళకు రాడార్ కూడా పని ఆపేసింది. ఇలాంటప్పుడు తుపాను ఎటు పోతోందో చెప్పేది గాలి దిక్కు ఒక్కటే. గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను కేంద్రం ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. ఓడల వాళ్లు శతాబ్దానికి పైగా వాడుతున్న సూత్రమిది.

తుపాను ఆగ్నేయంలో ఉన్నంతసేపూ మన తీరంలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. అక్కడి నుంచి ఎటు తిరుగుతుందో గమనించాలి. ఈశాన్యం నుంచి తూర్పుకు, తరవాత ఆగ్నేయానికి తిరిగితే ఊరు తుపాను దారికి కుడివైపు ఉన్నట్టు. సముద్రం గాలి నేరుగా ఒడ్డుకు కొడుతోందన్నమాట, ఉప్పెన ముప్పు ఇక్కడే. ఈశాన్యం నుంచి ఉత్తరానికి, వాయవ్యానికి, పడమరకు తిరిగితే ఎడమవైపు ఉన్నట్టు. దిక్కు అసలు మారకుండా జోరు మాత్రం పెరుగుతూ పోతే తుపాను నేరుగా మీదికే వస్తోంది.

నేరుగా వచ్చినప్పుడు మధ్యలో గాలి చటుక్కున ఆగిపోతుంది. ఆకాశం కాస్త తేటపడుతుంది కూడా. విశాఖలో ఆ రోజు మధ్యాహ్నం ఇదే జరిగింది. అది తుపాను కన్ను. దాని వెనక గోడ, అంటే కన్ను చుట్టూ ఉండే మేఘాల వలయంలో వెనక భాగం, వచ్చేసరికి గాలి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. మొదటి గాలికి ఒక పక్కకు ఒరిగి, వేళ్లు వదులైన చెట్టు రెండో గాలికి రెండో పక్కకు కూలుతుంది. బండి తీసుకురావడానికి, కొట్టుకుపోయిన రేకు వెతకడానికి బయటికి వచ్చినవాళ్లు సరిగ్గా అప్పుడే దాని కింద ఉంటారు.

ఓడరేవు నంబర్లు ఊరి కోసం కావు

1 నుంచి 11 వరకూ ఉన్న ఈ నంబర్లను మార్కుల్లా చదవడం అలవాటైంది. 'నిన్న ఎనిమిది, ఇవాళ తొమ్మిది, ముదిరింది' అంటుంటారు. ఇవి నిజానికి ఓడల వాళ్లకు ఇచ్చే గుర్తులు. 1, 2 నంబర్లు దూరంగా సముద్రంలో ఉన్న వాతావరణం గురించి. 3, 4 రేవులోనే ఈదురుగాలుల గురించి, అందుకే మూడో నంబరు ఏటా చాలాసార్లు ఎగురుతుంది. 5, 6, 7 తుపానుకు, 8, 9, 10 తీవ్ర తుపానుకు. ఈ రెండు గుంపుల లోపల నంబరు చెప్పేది పక్కను. 5, 8 అంటే రేవు తుపాను దారికి ఎడమన ఉంటుంది. 6, 9 అంటే కుడిన. 7, 10 అంటే తుపాను రేవు మీదుగానో, చాలా దగ్గరగానో వెళుతుంది. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి.

ఒకే తుపానుకు ఒక రేవులో 8, మరో రేవులో 9 ఎగరడం అందుకే. రెండిటి మధ్య తీరంలో ఎక్కడో అది ఒడ్డెక్కుతుందని దాని భావం. తొమ్మిదో నంబరు రేవు పక్క పల్లెలకు గాలి ఎక్కువని మాత్రమే కాదు, నీరు వస్తుందని అర్థం.

పేరులో ఉన్న బలం

గాలి గంటకు 62 కి.మీ. చేరితే వాయుగుండం తుపాను అవుతుంది, పేరు కూడా అప్పుడే పెడతారు. 89 దాటితే తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్రం, 167 నుంచి ఇంకో మెట్టు, 222 దాటితే సూపర్ సైక్లోన్. గాలి వేగం రెట్టింపైతే గోడ మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అంటే 90 కి, 180 కి మధ్య తేడా రెండింతలు కాదు.

అమెరికా వార్తల్లోని 'కేటగిరీ' అంకెను మన లెక్కతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. అక్కడ ఒక నిమిషం సగటు గాలిని తీసుకుంటారు, మన శాఖ మూడు నిమిషాల సగటును. ఒక్క నిమిషం సగటు ఎప్పుడూ కాస్త ఎక్కువే వస్తుంది. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు మన వాళ్లు 215 అన్నారు, అమెరికా నౌకాదళ కేంద్రం 260 అంది. ప్రమాదాన్ని దాస్తున్నారంటూ అప్పట్లో పెద్ద చర్చే నడిచింది. ఆ తేడాలో కొంత సగటు తీసే పద్ధతిది, కొంత ఉపగ్రహ చిత్రాన్ని చదివే తీరుది.

బలహీనపడిందంటే గాలి తగ్గిందనే

2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. కానీ చెన్నై మునిగింది అంతకుముందు 3, 4 తేదీల్లో, అదీ తీరం దాటే చోటుకు 300 కి.మీ. దక్షిణాన. తుపాను తీరం వెంబడే నెమ్మదిగా కదలడంతో వాన పట్టీ ఒకేచోట గంటల తరబడి కురిసింది. ఎడమవైపు ఊళ్లకు ఉప్పెన లేదంటే వరద లేదని కాదన్నమాట. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటి, నేల మీద గాలి బలం కోల్పోయింది. మర్నాడు మునిగింది సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న వరంగల్, హనుమకొండ. గాలి తగ్గినా మేఘాల్లో తేమ అలాగే ఉంటుంది. తుపాను గంటకు 20 కి.మీ. వేగంతో పోతే ఒక ఊరిని కొన్ని గంటల్లో దాటేస్తుంది, 7 కి.మీ. వేగంతో పోతే అదే వాన మూడింతల సేపు పడుతుంది. వాన కోసం చూడాల్సిన అంకె గాలి వేగం కాదు, తుపాను కదిలే వేగం.

నీరు తీశాక

రేకుల ఇళ్లలో కప్పు ముందు లేచేది మధ్యలో కాదు, అంచుల్లో, మూలల్లో. గాలి కప్పు మీదుగా జారుతూ రేకును పైకి పీలుస్తుంది. గాలికి ఎదురుగా ఉన్న తలుపు ఊడితే లోపలి గాలి కూడా కింద నుంచి తోస్తుంది. ఇసుక బస్తాలు నడిమధ్యన వేస్తే బరువు తప్ప ప్రయోజనం అంతగా ఉండదు. అంచు వరసలో హుక్కులు దగ్గర దగ్గరగా వేయడం, గాలికి ఎదురుగా ఉన్న తలుపులకు అడ్డగడియ బిగించడం ఎక్కువ పనిచేస్తాయి.

వరి సంగతికొస్తే, తుపాన్లు వచ్చేది గింజ పాలు పోసుకునే దశ నుంచి కోతల దాకా. పడిపోయిన చేనులో, పనల మీద నీరు నిలిస్తే రెండు మూడు రోజుల్లో గింజ మొలకెత్తుతుంది. నీటిని బయటికి తీసి 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరుకు 50 గ్రాముల కల్లుప్పు కలిపి, కంకుల మీద పిచికారీ చేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మొలక ఆగుతుంది, రంగు మారడం మాత్రం పూర్తిగా ఆగదు. ధర తగ్గేది రంగు దగ్గరే.

పంట నష్టానికి పెట్టుబడి రాయితీ రావాలంటే 33 శాతం, అంతకు మించి దెబ్బతిన్నట్టు తేలాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట అనే ప్రభుత్వ పంట నమోదులో పేరు ఉందో లేదో ముందే చూసుకోకపోతే పొలం ఎంత మునిగినా జాబితాలోకి ఎక్కదు. కౌలు రైతుకు మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. లెక్క రాసేవాళ్లు వచ్చేసరికి నీరు తీసేసి, పడిన పైరును కట్టలు కట్టి లేపి ఉంటారు. అందుకని సర్దకముందే సర్వే రాయి, గట్టు లేదా పక్క చెట్టు కనిపించేలా ఫొటో తీసి ఉంచుకోవాలి. పడవకు, వలకు కూడా ఇంతే, నమోదు సంఖ్య కనిపించాలి.

అన్నిటికంటే తప్పుగా లెక్కలోకి వచ్చేది కొబ్బరి. 1996 నవంబరు తుపాను తరవాత కోనసీమలో, 2018 అక్టోబరు తిత్లీ తరవాత ఉద్దానంలో కూలిన చెట్లను సులువుగానే లెక్కపెట్టవచ్చు. నిలబడ్డ చెట్టు మాత్రం 'నష్టం లేదు' గడిలో పడుతుంది. దాని మొవ్వు మెలిపడి ఉండొచ్చు, లేత గెలలు రాలిపోయి ఉండొచ్చు. పూత విచ్చుకున్నాక కాయ ముదరడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఆ ఏడాదంతా దింపులో కాయ తగ్గుతూ వస్తుంది, ఆ లెక్క రాయడానికి అప్పటికి ఎవరూ రారు.